మెరూన్ గౌనూ మా మేనత్తా

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు. చేతిలో ఫోను ఉంది, ఫోనులో ప్రపంచం ఉంది, ఆ ప్రపంచంలో నా సైజు బట్ట మాత్రం లేదు. మా వరంగల్‌లో బట్టల దుకాణాలకు కొదవా! చౌరస్తాలో నిలబడి ఎటు చూసినా అద్దాల వెనక బొమ్మలు కొత్త గౌన్లు తొడుక్కుని, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉండేవి. ఆ బొమ్మల నడుము నా తొడంత కూడా ఉండేది కాదు. లోపలికి వెళితే సేల్స్ అబ్బాయి నన్ను ముందు నిలువుగా, ఆ తర్వాత అడ్డంగా (దీనికి కొంచెం ఎక్కువసేపు పట్టేది) చూసి, "మీ సైజుల లెవ్వు మేడం, అటు నైటీల సెక్షన్ల చూడుండ్రి" అనేవాడు. ఆడపిల్ల ఒక కొలత దాటిందంటే ఇక గడప దాటదు, తిని పడుకుంటుందని వాళ్ల లెక్క కాబోలు. 'ఫ్రీ సైజ్' అని చీటీ కుట్టిన డ్రెస్సులు కూడా ఉండేవి. అవి నాకు మెడ దాకా ఫ్రీగానే వచ్చేవి.

అలాంటి రోజుల్లో మా ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ఫేర్‌వెల్‌కి ఆడపిల్లలంతా మెరూన్ గౌన్లే వేసుకోవాలని వాట్సాప్ గ్రూపులో తీర్మానమైంది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టి, ఫోను బోర్లించి ఏడ్చాను. అప్పుడే మా మేనత్త వచ్చింది. మా నాన్నకు అక్క. వెనక వీధిలోనే ఉంటుంది కాబట్టి మా ఇంట్లో ఎవరు ఏడ్చినా సమయానికి అందుకుంటుంది. ఒంట్లో నాకంటే ఒక పాలు ఎక్కువే గాని, పెళ్లయి పిల్లలు పుట్టాక వచ్చేది లావు కిందికి రాదని ఆమె సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద నిలబడి నాకు ఉలవచారు దగ్గర నుంచి ఉపవాసాల దాకా ఆమె చెప్పని వైద్యం లేదు.

"గౌనెందుకే కోడలా? మంచిగ చీర కట్టుకో. చీరల ఎంతున్నా గుర్తువట్టరు" అంది.

"నేనే కుట్టుకుంట" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. ఎందుకన్నానో నాకే తెలియదు. దిండు గలీబు తప్ప మరొకటి కుట్టి ఎరగను.

"నువ్వా? గౌనా? గంత బట్టకు కుట్టు మిషిను సాలది బిడ్డా, టెంట్‌హౌసోనికి చెప్పాలె!" అని మేనత్త కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మ కూడా ఫక్కున నవ్వబోయి దాన్ని దగ్గుగా మార్చుకుంది. నవ్వు కంటే ఆ దగ్గే నన్ను ఎక్కువ గుచ్చింది. ఇక ఆ గౌను కుట్టకపోతే నేను మనిషినే కాదనుకున్నాను.

ఇంటర్నెట్‌లో వెతగ్గా వెతగ్గా ఎక్కడో దూరదేశపావిడ పెట్టిన ప్యాటర్న్, అంటే బట్ట కత్తిరించుకునే నమూనా, దొరికింది. లావుపాటి వాళ్లకోసమే, సాగే బనీను బట్టతో కుట్టుకునే గౌను. ఆవిడా నా ఆకారమే. ఫొటోలో నోరారా నవ్వుతూ, ఎవరికీ ఏ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేనట్టు నిలబడి ఉంది. ఆ ఫొటోనే నేను చాలాసేపు చూశాను. తర్వాత జిరాక్స్ షాపులో ఆ ప్యాటర్న్ కాగితాలన్నీ తీయించి ఇంట్లో పరిచి టేపుతో అతికిస్తే హాలు నిండిపోయింది. నాన్న పేపరు చదువుకోవడానికి గోడవారగా నడిచి వెళ్లాల్సి వచ్చింది. "ఏందిది బిడ్డా, ఇంటి ప్లానా?" అని అడిగాడు పాపం, నిజంగానే.

ఆవిడ ఇచ్చిన సూచనల్లో ఒకటి చదివి ఆగిపోయాను. బట్ట సాగుతుంది గనక ఒంటి కొలత కంటే తక్కువే కత్తిరించాలట. తక్కువా? నాకా? బుద్ధెరిగిన నాటి నుంచి ఏ బట్టా నాకు ఎక్కువైన పాపాన పోలేదు. ఈవిడ కూడా ఆ దుకాణాల వాళ్ల మనిషేనని అనుమానమొచ్చింది. అందుకని చంకల దగ్గర రెండు వేళ్లు, నడుం దగ్గర నాలుగు వేళ్లు, పిరుదుల దగ్గర చెయ్యి పట్టినంత కలిపి కత్తిరించాను. వంకరటింకర కుట్టు వెయ్యాలని, మామూలు కుట్టు వేస్తే బట్ట సాగినప్పుడు దారం తెగుతుందని కూడా రాసింది ఆవిడ. అమ్మ పెళ్లినాటి మిషన్‌కు నేరుగా పోవడం తప్ప మరో విద్య రాదు. కుట్టు కుట్టే కదా అనుకుని తొక్కేశాను.

కుట్టడం అయ్యాక తలుపేసుకుని తొడుక్కున్నాను. కడుపు లోపలికి పీల్చి, కళ్లు మూసుకుని, ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుందని ఎదురుచూశాను. ఇరుక్కోలేదు. కళ్లు తెరిచి పక్కలు పట్టి లాగి చూస్తే ఇటు ఒక పిడికెడు, అటు ఒక పిడికెడు బట్ట మిగిలింది.

"అమ్మా! లూజైందే!" అని అరిచాను.

"ఏంది? నీకా?" అంటూ అమ్మ చేతిలో గరిటెతోనే ఉరికొచ్చింది. చుట్టూ తిరిగి చూసి, వెనక్కి తిరిగి కేక పెట్టింది. "ఓ, ఇటు రాండ్రి! పిల్లకు బట్ట లూజైందట!" నాన్న వచ్చి, ఎక్కడ లూజైందో పట్టి చూపించమని అడిగి మరీ సంతోషపడ్డాడు. మా ఇంట్లో ర్యాంకులు వచ్చినప్పుడు కూడా ఇంత సందడి జరగలేదు. లూజు కొంత ఉంచుకుని, మిగిలింది లోపలికి పట్టి పాట పాడుకుంటూ కుట్టేశాను. బట్టకు నేను ఎక్కువై కాక, నాకు బట్ట ఎక్కువై మళ్లీ కుట్టుకోవడం జీవితంలో అదే మొదలు మరి.

ఫేర్‌వెల్ మధ్యాహ్నం ఆడిటోరియంలోకి నడిచి వెళ్లాను. "ఎక్కడ కొన్నవే?" అని అడిగిన ప్రతి దానికీ "కుట్టిన" అని చెప్పి, దాని మొహం చూసి ఆనందించాను. అక్కడితో ఇంటికొచ్చేస్తే బాగుండేది. స్టేజీ మీద గ్రూప్ డ్యాన్స్ అన్నారు. పాట ఊపందుకుంది, అందరితో పాటు నేనూ రెండు చేతులు పైకెత్తాను. టక్. టక్ టక్ టక్. రెండు చంకల కిందా కుట్టు నడుం దాకా విచ్చుకుపోయింది. లోపల స్లిప్ ఉంది గనక పరువు కొంత మిగిలింది. నేను లావు గనకే చినిగిందని వెనక వరసల నుంచి ఈల పడింది. ఈలకైతే ఊరుకునేదాన్నేమో. మా మేడమొకావిడ జాలిగా, "జర సూసుకొని తినాలె తల్లీ" అన్నారు. దాంతో నాకు ఒళ్లు మండిపోయి, చంకలు బిగించి పట్టుకుని మైకు లాక్కున్నాను.

"ఇది టైటై చినగలే! గౌను లూజే ఉన్నది! బట్ట సాగింది, దారం సాగలే! వంకర కుట్టెయ్యాలె, మా మిషిన్ల లేదు!"

వెనక నుంచి ఎవడో, "ఇంకోసారి చెప్పవా, నోట్ చేస్కుంటం!" అన్నాడు. ఆ నవ్వులకు పైకప్పు లేచిపోయిందనుకున్నాను. అప్పుడు మా క్లాసులో 'తాటిచెట్టు' అని పిలుచుకునే పొడుగు పిల్ల నన్ను పక్కకు లాగి, గుప్పెడు పిన్నీసులతో కుట్టు మూసేసింది. చేతులు పైకెత్తకుండా మిగతా పాటంతా ఆడాను. ఆడటం మాత్రం ఆపలేదు.

సాయంత్రానికల్లా ఆ వీడియో గ్రూపులు గ్రూపులు తిరిగి మా మేనత్త ఫోనుకు చేరింది. మర్నాడు ఆమె వచ్చింది. నేను జవాబులు నూరుకుని కూర్చున్నాను. టెంట్‌హౌస్ మాటకు ఒకటి, ఉలవచారుకు ఒకటి, ఆమె నడుముకు ప్రత్యేకంగా రెండు. ఆమె లోపలికొచ్చి, అమ్మ వంటింట్లో ఉందని చూసుకుని, నా గది తలుపు మూసింది.

"కోడలా, గా గౌను..." అని ఆగింది. "జర నాకొకటి కుడ్తవా? ఇంట్ల ఏస్కుంట గంతే. పెండ్లయినంక గసుంటిది ఎన్నడు ఏస్కోలె. మీ మామకు చెప్పకు."

నూరుకున్న జవాబులను పక్కన పెట్టాను. కొలత టేపు తీసి ఆమె నడుం చుట్టూ వేశాను. ఆమె కళ్లు మూసుకుని కడుపు లోపలికి పీల్చుకుంది. అంత నోరున్న మనిషి మొహం ఎర్రబడి, నంబరు వినడానికి భయపడుతూ నిలబడింది.

"ఊపిరిడువు అత్తమ్మా" అన్నాను. "సాగే బట్టనే."

ఆమె మెల్లగా ఊపిరి వదిలింది. టేపు నా వేళ్లలోంచి జారి చుట్టు పెద్దదైంది. ఇద్దరం నంబరు చూశాం, ఎవరమూ పైకి చదవలేదు.

ఇప్పుడు ఎవరైనా నా ఒంటి గురించి ఏదైనా అంటే నవ్వి ఊరుకుంటున్నాను. అందరూ దాన్ని పెద్దరికం అంటున్నారు. నాకు మాత్రం అప్పుడప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది. దారం సంగతి సరిగ్గా వివరిస్తే చాలు, లోకం అర్థం చేసుకుంటుందని నమ్మి, చంకలు బిగించుకుని మైకులో అరిచిన పిచ్చిది. నవ్వొస్తుంది. మళ్లీ ఒకసారి అలా అరవాలనీ ఉంటుంది.