జొన్నల పాతరలో జిన్

ఫసలీ పదమూడు వందల యాభై ఆరు (ఇప్పటి లెక్కన పంతొమ్మిది వందల నలభై ఏడు), శివరాత్రి దాటిన తరువాతి ఆదివారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు నా జీవితంలోకి జిన్ వచ్చింది. నిమిషాలతో సహా ఎలా చెబుతావని మా మనుమరాలు అడుగుతుంది. మానుకోట స్టేషను పక్కన వేసిన గుడారం సినిమాలో, బెజవాడ బండి వెళ్ళిపోయేదాకా ఆట మొదలుపెట్టేవారు కాదు. బండి కూత ముందు తెర మీది మనుషుల మాటలు ఎవరికీ వినపడేవి కావు మరి. ఆరున్నరకు పోవలసిన ఆ బండి ఆ రోజు పది నిమిషాలు ఆలస్యం. ఆ రోజుల్లో ఆలస్యానికి కూడా ఒక లెక్క ఉండేది. ఇప్పటి పిల్లలు దయ్యాల సినిమాను చేతిలోని ఫోనులో చూస్తున్నారు, భయం వేసే చోటు రాగానే వేలితో ముందుకు జరిపేస్తున్నారు. మాకు ఆ సౌకర్యం లేదు. నేల మీద కూర్చోవడానికి తలా ఒక అణా కట్టాం కనుక, అణా తీరేదాకా భయపడి వచ్చాం.

నాకప్పుడు పదేళ్ళు. మా ఊరు దంతాలపల్లికి రెండు కోసుల దూరం. మా ఇంట్లో దిగిన మా మేనమామ మిరపకాయల బండి కట్టుకుని మానుకోట పోతుంటే ఏడ్చి గోలచేసి వెంటపడ్డాను. మామది బచ్చన్నపేట. ఉర్దూ బడిలో నాలుగో తరగతి దాకా చదివాడు. మా వాళ్ళలో అంతకుమించి ఉర్దూ వచ్చినవాడు లేడు కాబట్టి ఆయన చెప్పిందే ఉర్దూ. ఆ సినిమా కూడా ఉర్దూదే. మామ నా ఒక్కదానికే అర్థం చెప్పడం మొదలుపెట్టాడు గాని, పది నిమిషాల్లో చుట్టుపక్కల జనమంతా ఆయన వైపు జరిగి కూర్చున్నారు. దాంతో ఆయన గొంతు పెరిగింది, కథ కూడా పెరిగింది. (తెర మీద ఒకామె రెండు ముక్కలు మాట్లాడితే మామ నోటి నుంచి ఇరవై ముక్కలు వచ్చేవి. "గామె గన్ని మాటలు అన్లేదు గదనే," అని వెనకనుంచి ఒకాయన అడిగితే, "ఉర్దూల మాటలు దగ్గర దగ్గర పేరుస్తరు," అన్నాడు మామ.)

మామ చెప్పిన ప్రకారం కథ ఇది. ఒక సేటు ఇంటి పెరట్లో, నేల కింద గుంతలో, రాతి మూత కింద ఒక జిన్ ఉంటుంది. గుంతలోకి దీపం దించితే ఆరిపోతుంది. అదే జిన్ ఉన్నదనడానికి గుర్తు. మనిషికి మూడు కోరికల దాకా ఏది కోరినా ఇస్తుంది, కాని అడ్డంగా ఇస్తుంది. సేటు, "నా చేతికొచ్చిన పైసా నా చెయ్యి దాటి పోవద్దు," అని కోరుకున్నాడు. తెల్లారేసరికి నాణేలు అరచేతికి అతుక్కుపోయి, అన్నం ముద్ద పట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు. సేటు భార్య, "మా అత్త నోరు మూయాలె," అని కోరుకుంది. మరునాడు అత్తకు ముక్కు కింద గడ్డమే ఉంది, నోరు లేదు. (గుడారంలోని కోడళ్ళు ఇక్కడ కొంత ఆలోచనలో పడ్డారు.) చివరికి ఒక ముసలమ్మ వచ్చి, "భయం లేదు బిడ్డా, దిగు, గిట్ల దిగు," అని ముద్దుగా చెప్పి సేటును గుంతలోకి దించి మూత వేసేస్తుంది. మూడో కోరిక కోరినవాళ్ళు ఎవరైనా చివరికి ఆ మూత కిందికే పోవాలట.

అంతటితో ఇంటికొచ్చి మరచిపోయేదాన్నే. కాని మా పెరట్లో కూడా నేల కింద ఒక గుంత ఉంది. దాని మీద కూడా రాతి మూత ఉంది. అది జొన్నల పాతర. ఆ ఏడాది నిజాం సర్కారు వారి లెవీ గల్లా కింద, పండినదానిలో ఇంత అని కొలిచి పట్టుకుపోయేవారు. ఇంటికి మిగిలేదెంత అని వాళ్ళు అడిగేవారు కాదు. రైతుల తరఫున సర్కారును ఎదిరించే సంఘం వాళ్ళు ఊరూరా తిరిగి ఇవ్వొద్దని చెబుతున్నారు. మా బాపు కూడా సంఘంలో తిరుగుతూ వారానికొకసారి ఇంటి ముఖం చూసేవాడు. అందుకని మా అవ్వ (బాపు తల్లి) నాలుగు పుట్ల జొన్నలను పాతరేసి, మూతకు మన్ను మెత్తి, దానిమీద పిడకల గుట్ట పేర్పించింది. వానలు పడి కొత్త పంట వచ్చేదాకా మా ఆరుగురి కడుపులకూ అవే ఆధారం. "గా దిక్కు పోకు బిడ్డా, దాంట్ల ఉన్నది పాణం తీస్తది," అని నన్ను ముందే హెచ్చరించింది. మూసిన పాతరలో చెడుగాలి చేరుతుందని ఆమె ఉద్దేశం. సినిమా చూసి వచ్చిన నాకు ఆ మాట ఇంకో రకంగా అర్థమైంది.

మరునాడు పిడకల గుట్ట పక్కన కూర్చుని, ఎప్పటిలాగే జొన్న గట్క తాగుతూ, "ఒక్కపూటన్న తెల్లబువ్వ దొరికితే మంచిగుండు," అనుకున్నాను. పైకే అనుకున్నాను. సాయంత్రానికి వార్త వచ్చింది: వాడ చివర ఉండే పెదతాత పోయాడు. పదకొండో నాడు దినం. ఆకు నిండా తెల్లబువ్వ, పైన పప్పు. నేను తింటూ వెక్కి వెక్కి ఏడిచాను. "ఎంత పావురమమ్మా ముసలాయన మీద!" అని నా ప్రేమకు మురిసి ఆడవాళ్ళు ఇంకో రెండు గరిటెలు వడ్డించారు. వాళ్ళు వడ్డించినకొద్దీ నేను ఏడిచాను. నేను ఏడిచినకొద్దీ వాళ్ళు వడ్డించారు.

ఆ మరునాడు మామ బచ్చన్నపేటకు ప్రయాణం కట్టాడు. మామ పోతే కథలు చెప్పేవాళ్ళు ఉండరు. పిడకల వైపు చూడకుండానే, "మామ పోవద్దు," అని గొణిగాను. (చూడకపోతే లెక్కలోకి రాదేమోనని.) తెల్లారేసరికి మామకు కూర్చునే చోట నిమ్మకాయంత సెగగడ్డ లేచింది. బండెక్కలేడు, వెల్లకిలా పడుకోలేడు. పెరటి వాకిట్లో నులకమంచం మీద బోర్లా పడుకుని, నేల మీది చీమలకు కథలు చెప్పుకోవలసి వచ్చింది. రెండు కోరికలు అయిపోయాయి. ఇక ఒకటే. నేను నోరు తెరవడం మానేశాను. "పోరికి ఏమైందే, ఉప్పు గావాల్నా అంటే గూడ తల ఊపుతలేదు," అని అవ్వ పరేషాన్ అయింది.

మామ మంచం పట్టిన మూడో రోజు పొద్దెక్కాక లెవీ వసూలు చేసే అధికారి, గిర్దావర్, వచ్చాడు, వెంట ఇద్దరు జవాన్లు. ఒకడు బక్కవాడు, ఒకడు బొజ్జవాడు. ముగ్గురూ వరంగల్లు పట్నం మనుషులు. అమ్మ, తమ్ముళ్ళు చేనికి పోయారు. ఇంట్లో అవ్వ, బోర్లా పడుకున్న మామ, నేను.

"ముసల్దానా, పాతర యాడున్నది?" అన్నాడు గిర్దావర్.

"పాతరనా? గట్కకే ఎల్తలేదు దొరా. దాస్కోనీకి నా తాన ఏమున్నయ్, పండ్లు దాస్కోవాల్నా? గవ్వి గూడ నాలుగే ఉన్నయ్," అని అవ్వ నోరు తెరిచి చూపించింది. గిర్దావర్ చూడలేదు. జవాన్లు ఇనుపచువ్వలతో పెరడంతా గుచ్చుకుంటూ పోయారు. వాళ్ళు పిడకల గుట్ట దగ్గరికి పోతున్నకొద్దీ అవ్వ మాటలు తగ్గాయి. బక్కజవాను పిడకల మధ్యనుంచి చువ్వ దించాడు. రాయి తగిలి ఖంగుమంది.

"ఏమైందత్తా? నాకు మంచం కోడు తప్ప ఏం కనవడ్తలేదు!" అని మామ అరిచాడు.

పిడకలు తోసేశారు, మన్ను గీకారు, మూతను చువ్వలతో ఎత్తబోయారు. నా జొన్నలు పోతున్నాయని నాకు తోచనే లేదు. జిన్ బయటికొస్తే మొదట ఎవరిని పట్టుకుంటుందో నాకు బాగా తెలుసు. పరుగెత్తిపోయి బక్కజవాను కాలు పట్టుకున్నాను. "తియ్యకే అన్నా, నీ కాళ్ళు మొక్కుత! గండ్ల జిన్ను ఉన్నది! పెదతాతను తిన్నది, మామకు గడ్డ లేపింది!"

"జిన్నా? ఏం జిన్ను?"

"మానుకోట గుడారంల జూపెట్టిన జిన్ను!"

బక్కవాడి ముఖం పాలిపోయింది. వాడు కూడా ఆ సినిమా చూశాడన్నమాట. మెల్లగా వంగి, గిర్దావరుకు వినపడకుండా, "దీపం ఆర్తదా?" అని అడిగాడు.

"ఆర్తది," అన్నాను.

"ఏంది గుసగుస? లాంతరు దించుండ్రి!" అని గిర్దావర్ కసిరాడు. మూత జరిపారు. మా లాంతరు వెలిగించి, మోకు కట్టి దించారు. రెండు మూరలు దిగిందో లేదో పుసుక్కున ఆరిపోయింది. "నూనె లేదేమో," అన్నాడు గిర్దావర్. బండిలోంచి సర్కారు లాంతరు తెచ్చి, దాన్ని కూడా అదే మోకుకు కట్టి దించారు. అది కూడా అక్కడే ఆరింది. బక్కవాడి చేతిలో మోకు జారింది. రెండు లాంతర్లూ లోపల ఒకదాని మీద ఒకటి పడి పగిలాయి.

"సాబ్, సినిమాల గిట్లనే అయింది. మొదలు దీపం పోయింది, ఎన్కకెల్లి సేటు పోయిండు," అన్నాడు బక్కవాడు.

సరిగ్గా ఇక్కడ మా అవ్వ నోరు జారింది. ఏ పనైనా తప్పుగా చేస్తుంటే చూస్తూ ఊరుకోగల మనిషి కాదు ఆమె. ఆ పని తన కొంప ముంచేదైనా సరే. "ఓరి నీ తెలివి పాడుగాను! పాతర తీసుడు గిట్లనా? మూత దీసి ఒక జాము ఇడ్వాలె. యాపమండ తిప్పి గాలి గొట్టాలె. దీపం నిలవడ్డంక అప్పుడు దిగాలె మెల్లగ. ఇప్పుడే దిగితే సస్తరు!"

"అత్తా, నీకు దండం వెడ్త, నోరు మూస్కో!" అని మంచం మీదినుంచి మామ మొత్తుకున్నాడు.

"ఎందుకు మూస్కుంట? నా పాతర్ల మనిషి సస్తే మైల గాదా? గా జొన్నలు మల్ల ఎవ్వలు తింటరు?"

జొన్నలు! మాట బయటికొచ్చేసింది. మామ ముఖం దిండులో కుక్కుకున్నాడు. గిర్దావర్ మాత్రం కళ్ళు చిన్నవి చేసి అవ్వను ఎగాదిగా చూశాడు. "ఇందాక పాతర లేదన్నది. ఇప్పుడు ఎట్ల దిగాల్నో నేర్పుతున్నది. ఎందుకు?"

"దించి మూత ఎయ్యనీకె సాబ్," అన్నాడు బక్కవాడు. "సినిమాల ముసల్ది గూడ గిట్లనే చెప్పింది. గింత ఇవరంగ గూడ చెప్పలే."

"నేను చెప్పేది నిజమేరా అయ్యా! యాపమండ నేనే తెస్త!" అని అవ్వ కొమ్మ విరవడానికి లేచింది. ఆమె సాయపడబోయినకొద్దీ వాళ్ళు వెనక్కి జరిగారు. గిర్దావర్ బొజ్జవాణ్ణి దిగమన్నాడు. "మూతిలనే ఇరుక్కుంట సాబ్," అని వాడు బొజ్జ నిమిరి చూపించాడు. బక్కవాణ్ణి దిగమన్నాడు. "నౌకరి దీసెయ్యిండ్రి సాబ్, పాణం దియ్యకుండ్రి," అని వాడు చేతులు జోడించాడు. ఇక చేసేదిలేక గిర్దావరే మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూశాడు. మగ్గిన జొన్నల ఆవిరి ముఖానికి కొట్టి కళ్ళు తిరిగినట్టున్నాయి, తలపాగా జారి లోపల పడింది. ఏం జరుగుతోందో చూడలేక అప్పటికే సగం చచ్చిన మామ, ఇక తట్టుకోలేక, మరిచిపోయి వెల్లకిలా తిరిగాడు. గడ్డ నులక మీద పడింది.

ఆ కేక నేను ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో కూడా రాయలేను. అందులో అక్షరాలు లేవు. పాతర మూతి మీదుగా, ఇంటి గోడకు తగిలి, అది నేల కిందినుంచి వచ్చినట్టే వినిపించింది. బక్కవాడు మొదట పరుగెత్తాడు, తరువాత గిర్దావర్. అందరికన్నా వెనక బయల్దేరిన బొజ్జవాడే అందరికన్నా ముందు బండి ఎక్కాడు. నేను అవ్వ చీరకొంగులో దూరాను. అవ్వ వేపమండ చేతపట్టుకుని, "ఒక్క జామాగలేరా!" అని వాళ్ళ వెనక నిజంగా బాధపడుతూ అరిచింది.

చీకటి పడకముందే అమ్మా వాళ్ళూ వచ్చి, అవ్వ చెప్పిన పద్ధతి ప్రకారమే పాతర తీసి, జొన్నలు వాడలోని తొమ్మిది ఇళ్ళకు పంచి దాచారు. గిర్దావర్ మళ్ళీ వస్తాడని నెల రోజులు ఎదురుచూశాం. ఈలోపల సంఘం వాళ్ళు వడిసెలలు పట్టుకుని బండ్ల బాట మీద కాపు కాశారు. ఆయన రాలేదు. జవాన్లు పారిపోయిన నాటి రాత్రే గట్క ముందు కూర్చోబెట్టి అవ్వ నా కోరికల సంగతి అంతా చెప్పించింది. విని, "పెదతాతకు తొంబయ్యేండ్లు, గది నీ లెక్కల రాదు. మల్ల గంత పెద్ద జిన్నుకు మీ మామ పిర్ర తప్ప ఇంకో జాగ దొరకలేదానే?" అంది. ఆ తరువాతే నేను మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ పదేళ్ళ పిల్లను తలచుకుంటే నవ్వు వస్తుంది. ఒక్కపూట తెల్లబువ్వ కోరుకోవడం ఒక మనిషి ప్రాణమంత ఖరీదని నమ్మింది పిచ్చిది. దాని పక్కన కూర్చుని తల నిమరాలనిపిస్తుంది. ఇక ఆ రోజు నష్టం చెప్పి ముగిస్తాను. లాంతర్లు రెండు, అందులో ఒకటి సర్కారుది. గాజుపెంకులు కలిసినందుకు పారబోసిన జొన్నలు ఒక కుంచం. విరిగిన పిడకలు నలభై దాకా. గిర్దావర్ చెప్పు ఎడమది ఒకటి. తలపాగా నష్టం కింద రాయను, అమ్మ దానితో తమ్ముళ్ళకు రెండు అంగీలు కుట్టించింది. మామ గడ్డ ఆ కేకతోనే పగిలి నయమైంది. మనుషులు ఎవరూ పోలేదు. సంఘానికీ సర్కారుకూ పోరు ముదిరిన ఆ తరువాతి ఏళ్ళలో మా ఇంట్లో, మా వాడలో వేసిన ఏ లెక్కలోనూ ఈ చివరి మాట రాయగలిగింది లేదు.