లాభం తినేసిన పెట్టె

పిల్ల నిద్రపోయింది. నా కోపం మాత్రం చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

గూడెం కొత్తవీధి దగ్గర కాఫీ గింజలు ఆరబెట్టే కేంద్రంలో పరికరాలు చూసుకోవడం నా పని. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివితే దొరికిన ఏడాది కాంట్రాక్టు. పళ్ళ తోలు తీసి కడిగిన గింజల్ని ప్లాస్టిక్ షెడ్డులో ఎత్తు బల్లల మీద పరుస్తారు. గంటకోసారి చెక్క పారతో తిరగేయాలి. లేకపోతే అడుగు గింజలకు చెమ్మ పట్టి బూజొస్తుంది. పొద్దున్న ఎనిమిది నుంచి మూడు దాకా, మొత్తం ఎనిమిది సార్లు.

ఈ పంటకు షెడ్డులోకి ఒక స్కానర్ వచ్చింది. బల్లల్లో గుచ్చిన ఇరవై తీగల నుంచి వరసగా వేడిని చదివి రాసుకునే పెట్టె అది. గడియారాన్ని బట్టి కాకుండా, బయటి నుంచి సంకేతం అందినప్పుడే చదివేలా దాన్ని అమర్చి వెళ్ళాడు విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు. సంకేతమంటే షెడ్డు గుంజకు బిగించిన ఎర్ర బటన్. గింజలు తిరగేసిన మనిషి దాన్ని ఒకసారి నొక్కాలి. నొక్కగానే పెట్టెలో టకటకమని ఇరవై చప్పుళ్ళు వినిపిస్తాయి.

తిరగేసేది ఒక పెద్దమ్మ. ఊరు షెడ్డు వెనక కొండమీదే. ఎనిమిదికల్లా పనిలో ఉంటుంది. నేను ఆటో దొరికి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. తొమ్మిది నెలల నా పిల్లకు వసారాలో చీర ఊయల కట్టిందీ, తిరగేతల మధ్య దాన్ని ఊపేదీ ఆమే. ఆమె లేకపోతే నేను ఉద్యోగం చేయలేను. పిల్ల ఒక్కసారి దగ్గితే చాలు, నేను పరుగెత్తుకొచ్చి నుదురు పట్టుకు చూస్తాను. ఆమె నవ్వేది. "గుంటకేటీ నేదు. జొరం నీకే."

పెట్టె వచ్చిన మొదటి వారంలోనే ఆమె ఒక మాట చెప్పింది. "పొద్దున్నే ఆ పెట్టి పలకదమ్మా. నిద్దరమొకం."

నేను నవ్వి ఊరుకున్నాను.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం ఇంజనీరు వచ్చి రికార్డు తీశాడు. రోజుకు ఏడే ఉన్నాయి. కొన్ని రోజులైతే ఆరే. ఎనిమిది గంటలది ఒక్కరోజూ లేదు.

"ఎవరూ చూడరని మొదటిది ఎగ్గొడుతోంది సార్," అన్నాడు మా కేంద్రం ఇన్‌ఛార్జి గారితో. పెద్దమ్మను పిలిచాడు. "ఇవాళ ఎన్నిసార్లు తిరగేశావ్? లెక్కపెట్టి చెప్పు."

తిరగేసినప్పుడల్లా ఒక గులకరాయి కొంగున ముడేసుకోవడం ఆమె అలవాటు. ముడి విప్పి ఒక్కొక్క రాయీ బల్ల మీద పెట్టింది. "లాభం... రెండు... మూడు..." అలా ఎనిమిది దాకా.

ఇంజనీరు చేతులు చాచాడు. "చూశారా, ఆవిడ నోటితోనే! మొదలే రెండు. ఒకటి అననే లేదు."

"లాభం అన్నాను కద బాబూ!"

"ఎవరికి లాభం?"

ఇన్‌ఛార్జి గారు కూడా నవ్వారు. గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరని, లాభం అంటారని నాకు తెలుసు. కొయ్యూరులో మా అమ్మ చోళ్ళు, అదే రాగులు, కొలిచినా అంతే, లాభం తర్వాత రెండు. ఎనిమిది రాళ్ళూ నా కళ్ళ ముందే ఉన్నాయి. కానీ నాది ఏడాది కాంట్రాక్టు. ఇన్‌ఛార్జి గారు కాగితం నా వైపు తోశారు. 'మొదటి తిరగేత జరగడం లేదు' అని నా చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టాను.

"రేపట్నుంచి రావద్దు," అన్నారాయన ఆమెతో.

పెద్దమ్మ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. "సదూకున్నదానివి. రాళ్ళు ఎంచడం రాదేటి నీకు?" రాళ్ళన్నీ మళ్ళీ కొంగులో కట్టుకుంది. "నా లాభం మీ పెట్టి తినీసింది. దాన్నే అడగండి."

కొత్త మనిషి దొరికేదాకా తిరగేసే పని నా మీదే పడింది. మర్నాడు చీకటితోనే లేచి, పిల్లను దుప్పట్లో చుట్టుకుని మంచులో నడిచే వెళ్ళాను. ఊయల ఊపేవాళ్ళు లేరు. పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు వింటూ బల్లలన్నీ తిరగేసి బటన్ నొక్కాను.

ఒక్క చప్పుడూ లేదు.

మళ్ళీ నొక్కాను. టకటకటక.

నిద్దరమొకం. ఆ మాట గుర్తొచ్చి ఒళ్ళంతా మండింది. రికార్డు ముందేసుకున్నాను. ఆరు ఉన్న రోజులన్నీ మధ్యలో కరెంటు పోయిన రోజులే. ఏడుస్తున్న పిల్లను ఒళ్ళో వేసుకుని, ఫోన్లో ఆ పెట్టె మాన్యువల్ తెరిచి చదివాను. పెట్టె రెండు దశల్లో నడుస్తుంది. ముందు సిద్ధం కావాలి, తర్వాత చదవాలి. ఏ దశకు సంకేతం ఎక్కడి నుంచి రావాలో విడివిడిగా చెప్పాలి. అతను రెండింటికీ బయటి బటన్నే ఇచ్చాడు. అందుకే కరెంటు వచ్చాక మొదటి నొక్కు పెట్టెను సిద్ధం చేయడానికే సరిపోతుంది. చదవడం రెండో నొక్కు నుంచే. రాత్రి షెడ్డులో కరెంటు కట్టేస్తారు కాబట్టి, రోజూ పొద్దున్న పెద్దమ్మ మొదటి తిరగేత గాల్లో కలిసిపోయింది.

ఇంజనీరుకు ఫోన్ చేసి చెప్పాను.

"ఓహ్, అదా! మొదటి దశని 'వెంటనే' అని పెట్టేయండి, సరిపోతుంది. ఆపరేటర్‌కి ట్రైనింగ్ లేక పొరపాటు జరిగిందని రాసి పంపండి, క్లోజ్ చేసేద్దాం."

"ఏ ఆపరేటర్ సార్? నొక్కినావిడా, అమర్చినాయనా?"

"అమ్మా, చిన్న విషయానికి ఇంత గొంతెందుకు?"

చిన్న విషయమట! నేనే ఫోన్ పెట్టేశాను.

సెట్టింగు వెంటనే మార్చలేదు. ఇన్‌ఛార్జి గారు వచ్చేదాకా ఆగి, పెట్టెను ఆపి మళ్ళీ వేసి, ఆయన్ని గుంజ దగ్గరకు తీసుకెళ్ళాను. "నొక్కండి సార్."

నొక్కారు. చప్పుడు లేదు.

"లాభం," అన్నాను. "ఇంకోసారి నొక్కండి."

టకటకటక.

"రెండు," అన్నాను.

ఆయన వేలు బటన్ మీదే ఉండిపోయింది. ఈసారి నవ్వలేదు. "సరే, రమ్మను ఆవిణ్ణి," అన్నారు, తానేదో దయ చూపిస్తున్నట్టు. నిన్నటి కాగితం అడిగి తీసుకుని, నేను రాసిన వాక్యం కొట్టేశాను. 'తిరగేత రోజూ జరిగింది. పెట్టె అమరికలో తప్పు. తెలిసీ తప్పు రాసింది నేను' అని దాని కిందే రాశాను. ఆ తర్వాతే సెట్టింగు మార్చాను.

సాయంత్రం పిల్లనెత్తుకుని కొండెక్కాను. పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని అడ్డాకులతో విస్తళ్ళు కుడుతోంది.

"నువ్వు రమ్మంతన్నావా, ఆళ్ళు రమ్మంతన్నారా?"

"ఇద్దరం పెద్దమ్మా. నీ తప్పేం లేదని కాగితం మీద రాశాను. ముందు రాసింది కొట్టేశాను."

"కొట్టీసినా కనిపిత్తాది కద."

ఆమె పుల్లతో ఆకు గుచ్చుతూ అంది, "వొత్తాను. ఆ బొత్తాం మాత్రం నాను ముట్టను. నువ్వే బేగి వొచ్చి నొక్కు."

అందుకే ఇప్పుడు ఎనిమిదికి ముందే షెడ్డులో ఉంటున్నాను. ఆమె ఆఖరి బల్ల తిరగేసి "లాభం" అని గట్టిగా అరుస్తుంది. నేను నొక్కుతాను. ఇరవై చప్పుళ్ళూ అయ్యేదాకా పార కింద పెట్టదు, వింటూ నిలబడుతుంది.

ఊయల మళ్ళీ కట్టింది. పిల్లను ఊపుతోంది. నిన్న పిల్ల దగ్గితే ఎప్పటిలాగే పరుగెత్తుకెళ్ళి నుదురు పట్టుకు చూశాను. ఆమె పక్కనే ఉంది. జొరం నీకే అని అంటుందేమోనని చూశాను. అనలేదు.