కత్తెర కోసేసిన ఊపిరి

స్టూడియోలో అతన్ని అందరూ కత్తెర అంటారు. చేతిలో నిజంగా కత్తెరేమీ ఉండదు. ఒక కంప్యూటరు, చెవులకు హెడ్‌ఫోన్లు, అంతే. సబ్బుల ప్రకటనలు కానీ, పిల్లల పాఠాలు కానీ, ఎవరేది చదివినా మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటారు కదా. పీల్చక చస్తారా! ఆ చప్పుడు మైకులో పడుతుంది. దాన్ని కోసి పారెయ్యడం అతని పని. అతను కోసిన గొంతు వింటే మనిషి ఊపిరి లేకుండానే బతికేస్తున్నట్టుంటుంది.

ఊపిరి సలపనిది మాత్రం అతనికే. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే జేబులో తాళాలు మోగిస్తాడు. "రెండు ముద్దలు కుదురుగా కూర్చుని తింటే మీ సొమ్మేం పోయిందండీ?" అని భార్య రోజూ అడుగుతుంది. అలాంటివి ఆ చెవులకెక్కవు.

అతన్ని పెంచింది పిన్ని. తల్లి పోయేనాటికి అతనింకా పాలు మరవలేదు. వాళ్ళింటి భాష వేరు, వీధిలో భాష వేరు. ఇంటి భాషకు రాతా లేదు, బడీ లేదు. తోటి పిల్లలు వెక్కిరించారని అతను చిన్నప్పుడే దాన్ని నోట పలకడం మానేశాడు. పిన్ని ఆ భాషలో అడిగితే, వీడు ఈ భాషలో జవాబిచ్చేవాడు. ఏళ్ళు గడిచాయి. మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయి, ఆ భాష పిన్ని నోట్లో మాత్రం మిగిలింది.

అప్పుడు మేలుకున్నాడు మహానుభావుడు! అదీ తనంతట తాను కాదు. పిన్ని మెడలో గడ్డ లేచింది. తీసేస్తే ప్రాణానికి భయం లేదు గానీ గొంతు పోయినా పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. సరిగ్గా అప్పుడే లైబ్రరీవాళ్ళు కింది అంతస్తులో ఒక వినికిడి గది కడుతున్నారు. గోడల నిండా స్పీకర్లు పెట్టి, ఆరిపోతున్న భాషల పాటలు వినిపిస్తారట. ఆ గది కోసమని ఆపరేషనుకి ముందు పిన్ని చేత జోలపాట పాడించి రికార్డు చేశాడు. డాక్టరు అన్నంతా అయింది. పిన్ని బతికింది, గొంతు పోయింది. ఇప్పుడు ఆ పాట ఒక్కటే మిగిలిన ఆస్తి.

దాన్ని మన కత్తెర ఊరికే వదులుతాడా? కూర్చుని ముస్తాబు చేశాడు. ఫ్యాను రొద తీశాడు, కుర్చీ కిర్రుమన్నది తీశాడు, ఊపిర్లన్నీ వెతికి వెతికి కోశాడు. పనిలో పడితే అతను మాట వినడు, చప్పుడే వింటాడు. పని ముగిసిందని అలవాటు కొద్దీ అసలు రికార్డింగు చెరిపేశాడు. స్టూడియోలో అదే పద్ధతి, చోటు చాలదని.

మర్నాడు గది తెరుస్తారనగా, మధ్యాహ్నం పాటని లాప్‌టాప్‌లో తెచ్చి పిన్నికి వినిపించాడు. లైబ్రరీ మూసేలోగా ఇచ్చి రావాలి. "ఎలా ఉంది పిన్నీ? అద్దంలా లేదూ?"

పిన్ని ముఖం చిట్లించింది. సౌండు ఎక్కువైందేమోనని తగ్గించాడు. ఆమె బల్ల మీద చరిచింది. వినబడలేదేమోనని పెంచాడు. ఆమె ఇంకా గట్టిగా చరిచింది, నీళ్ళ గ్లాసు దొర్లి కిందపడింది.

"ఆవిడకి నచ్చలేదండీ," అంది భార్య, నీళ్ళు తుడుస్తూ.

"నచ్చకపోవడానికి ఏముందే? ఎంత శుభ్రంగా చేశానో నీకేం తెలుసు!"

పిన్ని ఇక ఊరుకోలేదు. అతని చెయ్యి పట్టి లాగి, అరచేతిని తన నోటి ముందు పెట్టుకుంది. పెదాలు ముడిచి గాలి లోపలికి పీల్చింది. పాట నడుస్తోంది. మళ్ళీ పీల్చింది. ప్రతి చరణంలోనూ ఒకే చోట. ఆమె కళ్ళనిండా నీళ్ళు.

అతను చటుక్కున కుర్చీలో కూలబడ్డాడు. చిన్నప్పుడు చీకటి పడ్డాక వీధిలోకి పరిగెత్తబోయినప్పుడల్లా, వెనకనుంచి ఆ గాలి చప్పుడే కదూ తనను ఆపింది! వాళ్ళ భాషలో 'వద్దు' అనడానికి వేరే మాట లేదు. 'వెళ్ళు' అనే ముందు ఊపిరి లోపలికి పీలిస్తే, వెళ్ళొద్దని. పిన్ని పాడింది 'గడప దాటి వెళ్ళకు, గాలి వెంట వెళ్ళకు, నా ఒడి వదిలి వెళ్ళకు' అని. ఊపిర్లు కోసేశాక మిగిలిందేమిటి? గడప దాటి వెళ్ళు, గాలి వెంట వెళ్ళు, నా ఒడి వదిలి వెళ్ళు. పసిబిడ్డని మెడపట్టి గెంటే పాట!

"కొంప ముంచాను," అన్నాడు.

స్టూడియోకి పరిగెత్తాడు. కంప్యూటరంతా గాలించాడు, పాత కార్డులు తిరగేశాడు. ఉంటేగా! ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, ఊళ్ళో గొంతులన్నీ బాగుచేసేవాడు ఇంటి గొంతు తనే నొక్కేశాడు. ఒక మైకు మాత్రం చంకన పెట్టుకుని తిరిగొచ్చాడు, ఎందుకు తెచ్చాడో అతనికే తెలీదు. సిగ్గుతో పిన్ని ముఖం చూడలేకపోయాడు.

"పోయింది పిన్నీ. నువ్వు మళ్ళీ పాడలేవు, నేను తిరిగి తేలేను."

పిన్ని అతన్ని ఒక చూపు చూసింది. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే చూసినట్టు. అతని మెడలోని హెడ్‌ఫోన్లు లాక్కుని తన చెవులకు పెట్టుకుంది. మైకు చూపించింది. తన నోరు చూపించింది. గాలి పీల్చింది.

ఓరి దద్దమ్మా! పోయింది గొంతు కదా, ఊపిరి కాదు కదా!

ఫ్యాను ఆపాడు. కిటికీ మూశాడు. భార్యని కదలొద్దన్నాడు. హెడ్‌ఫోన్లలో పాట పిన్నికి మాత్రమే వినిపిస్తోంది. పెదాలు కదుపుతూ, తన చోటు రాగానే ఆమె గాలి పీల్చింది. ఒకచోట దగ్గొచ్చింది. ఆగి, ఆ చరణం మళ్ళీ పెట్టమని సైగ చేసింది. ఇంకోచోట ఊపిరి వణికింది. ఆ వణుకుని అలాగే ఉంచాడు. కోసిన చోట్లన్నిట్లో ఈ ఊపిర్లని అతికించి పైకి వినిపిస్తే, పిన్ని కళ్ళు మూసుకుని తలాడించింది. అతనికి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా.

మరుక్షణం లేచాడు. జేబులో తాళాలు మోగాయి. లైబ్రరీ మూసే వేళవుతోంది. గుమ్మం దగ్గర ఆగి, ఎన్నేళ్ళుగానో నోట పలకని ఇంటి భాషలో, తడబడుతూ, "వెళ్తా పిన్నీ," అన్నాడు.

వెనక నుంచి ఊపిరి పీల్చిన చప్పుడైంది.

అతను వెనక్కి తిరిగాడు. పిన్ని పక్కనున్న కుర్చీని దగ్గరికి లాగి చూపించింది. భార్య అతని చేతిలోంచి పాట ఉన్న పెన్‌డ్రైవు తీసుకుని, చెప్పులేసుకుంది.

"నేనిచ్చొస్తాను లెండి. మీరు కూర్చోండి."

కూర్చున్నాడు.