మూడు టేపుల్లో ఒక గిటారు

1975వ సంవత్సరం. లింగంపల్లి స్టేషన్‌కు ఎదురుగా నాకు చిన్న రేడియో రిపేరు షాపు ఉండేది. ఇప్పుడు ఆ రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి గానీ, అప్పట్లో ఒక రైలు వెళ్లిపోతే మళ్లీ రైలు వచ్చేదాకా మనిషి అలికిడి ఉండేది కాదు. నా గిరాకీ అంతా స్టేషన్ అవతల ఉన్న పంపుల కార్ఖానా నుంచే. ట్రాన్సిస్టర్లు, ఆంప్లిఫయర్లు, అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న క్యాసెట్ రికార్డర్లు పట్టుకొచ్చేవారు. నేను ఏలూరు నుంచి వచ్చినవాణ్ని. వయొలిన్ కచేరీ అంటే చెవి కోసుకునేవాణ్ని. రాక్ సంగీతం నా లెక్కలో డబ్బాల మోత. ఆ మాట ఎవరి ముందైనా మొహమాటం లేకుండా అనేసేవాణ్ని కూడా.

అలాంటి నా దగ్గరికి ఒక ఆదివారం యాదగిరి వచ్చాడు. లింగంపల్లిలోనే పుట్టి పెరిగినవాడు, కార్ఖానా స్టోర్సులో ఉద్యోగం. చేతిలో గుడ్డసంచి, అందులో ఒక స్పూలు, రెండు క్యాసెట్లు. స్పూలంటే పెద్ద చక్రానికి చుట్టిన టేపు, క్యాసెట్లకు ముందు కాలం సరుకు. కార్ఖానాలో పనిచేసే కుర్రాళ్లు నలుగురు బ్యాండు కట్టి, చలికాలంలో క్లబ్బు మైదానంలో రాక్ కచేరీ ఇచ్చారు. దాన్ని ముగ్గురు మూడు చోట్ల నుంచి రికార్డు చేశారు. ఆ మూడింటినీ కలిపి ఒక్క టేపు చెయ్యాలని యాదగిరి కోరిక.

వేసి విన్నాను. స్పూలు టేపు స్టేజీ పక్కన పెట్టిన క్లబ్బు మెషీన్‌ది. అందులో గిటారూ డ్రమ్ములూ గట్టిగా ఉన్నాయి, పాడినవాడి గొంతు ఆనవాలే లేదు. ఒక క్యాసెట్ ముందు వరుసలో కూర్చున్న ఫోర్‌మన్ ఒళ్లో పెట్టుకుని రికార్డు చేసింది. అందులో గొంతు చక్కగా వినిపిస్తోంది, గిటారు మాత్రం పక్క వీధిలో మోగుతున్నట్టుంది. ఇంకో క్యాసెట్ మైదానం చివర గోడెక్కి కూర్చున్నవాళ్లది. దాన్నిండా ఈలలు, చప్పట్లు, కేకలు.

నా వల్ల కాదని చెప్పేశాను. ఎందుకు కాదో కూడా చెప్పాను. ఒకే పాటను రెండు మెషీన్లు రికార్డు చేస్తే రెండూ ఒకే వేగంతో తిరగవు. క్లబ్బు మెషీన్ కరెంటు మీద నడిచింది కాబట్టి దాదాపు నిలకడగానే తిరిగింది. ఫోర్‌మన్‌ది బ్యాటరీ సెల్లుల మీద నడిచింది. కచేరీ సాగేకొద్దీ సెల్లులు నీరసించి మోటారు నెమ్మదించింది. అలా రికార్డయిన పాటను మామూలు వేగంలో వింటే పరుగులు పెడుతుంది, గొంతు కీచుగా మారుతుంది. మొదటి పాటలో జోడీగా నడిచిన రెండు టేపులు చివరి పాటకు వచ్చేసరికి చెరో దారి పడతాయి.

యాదగిరి అంతా విన్నాడు గానీ సంచి తీసుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని సత్యం సంగతి చెప్పాడు. సత్యం ఆ బ్యాండులో గిటారు వాయించినవాడు, కార్ఖానాలో లేత్ మెషీన్ నడిపే టర్నరు, కాకినాడ వైపు మనిషి. కచేరీ అయిన కొన్నాళ్లకు మెషీన్‌లో ఎడమచెయ్యి పడి రెండు వేళ్లు పోయాయి. గిటారు తీగలు నొక్కేది ఆ చేత్తోనే. దవాఖాన నుంచి వచ్చాక అతన్ని హాజరు రాసే టైమ్ ఆఫీసులో కూర్చోబెట్టారు. గిటారు ఎవరికో ఇచ్చేశాడు.

"వేళ్లు పోయినయని వాడు ఏడ్వలేదు సార్," అన్నాడు యాదగిరి. "నాకు వాయించుడే రాకుండె, ఉత్త లొల్లి జేసిన, పోతే పోయిందంటున్నడు. గది నాతోని అయితలేదు. నేను విన్న గద. వాడేం వాయించిండో వానికి వినిపియ్యాలె."

ఆ స్పూలు తిరిగి క్లబ్బుకు ఇచ్చేయాలి. ఆ రోజుల్లో కొత్త స్పూలు దొరకడం గగనం. కార్ఖానా వార్షికోత్సవాన్ని దాని మీదే రికార్డు చేస్తామని క్లబ్బు సెక్రటరీ ముందే చెప్పాడు. అలా చేస్తే సత్యం గిటారు చెరిగిపోతుంది. నాకు ఆ కచేరీ మీద ప్రేమేమీ పుట్టలేదు గానీ, ఒక మనిషి వాయించిందంతా ఉపన్యాసాల కింద పడి పోవడం మాత్రం తట్టుకోలేకపోయాను. సంచి ఉంచి వెళ్లమన్నాను.

ఆదివారాలే పనిచేసేవాళ్లం. ఆ రోజు కార్ఖానా మెషీన్లు ఆగి ఉంటాయి కాబట్టి మా వీధికి వోల్టేజి సరిగ్గా వచ్చేది. రిపేరుకొచ్చిన మెషీన్ల యజమానులను బతిమాలి కావలసినవన్నీ బల్ల మీద పేర్చాను. ఒక్కో టేపుకు ఒక్కో నాబ్ పెట్టి, ఏది ఎంత వినపడాలో తగ్గించడానికీ పెంచడానికీ వీలుగా ఒక మిక్సర్ కట్టాను. పాత రేడియోల్లోంచి పీకిన భాగాలతో రేకు డబ్బాలో అమర్చిన మిక్సర్ అది.

మొదట నా తెలివి చూపించాను. నీరసించిన సెల్లులతో రికార్డయినదాన్ని నీరసించిన సెల్లులతోనే వినిపిస్తే లెక్క సరిపోతుందనుకున్నాను. వీధిలో అందరి టార్చిలైట్ల సెల్లులూ పోగుచేయించాను. ఏ రెండు జతలూ ఒకేలా నీరసించవని అర్థమయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఫోర్‌మన్ రికార్డర్‌నే అడిగి తెప్పించి, విప్పి, మోటారు వేగాన్ని సరిచేసే చిన్న మర బయటికి కనిపించేలా పెట్టాను. పాట నడుస్తుండగానే ఆ మరను వెంట్రుకవాసి తిప్పుతూ క్యాసెట్‌ను స్పూలుతో కలిపి నడిపించాలి. స్క్రూడ్రైవర్ యాదగిరి చేతికిచ్చి, నాబ్‌లు నేను పట్టుకున్నాను.

యాదగిరి పాడితే గాడిద కూడా పక్కకు తప్పుకుంటుంది, కానీ చెవి మాత్రం గొప్పది. రెండు టేపుల్లో డ్రమ్ము దెబ్బ కాస్త విడిపోగానే నాకంటే ముందు అతనికి తెలిసేది. పాట సగంలో చెయ్యి జారితే మొదటి నుంచి రావాలి. ఎన్నిసార్లు మొదటికి వచ్చామో నాకు గుర్తులేదు. విసుగొచ్చి ఇక చాలంటే వినేవాడు కాదు. "జర ఆగుండ్రి సార్, ఇంకొక్కసారి," అని టేపు వెనక్కి తిప్పేవాడు. అతని మొండితనానికి ఒళ్లు మండేది, మళ్లీ నాబ్ మీద చెయ్యి వేసేవాణ్ని. కుదిరిన పాటలను ఖాళీ క్యాసెట్ మీదికి ఎక్కించి, ఆ టేపును బ్లేడుతో కోసి వరసగా అతికించుకుంటూ పోయాం.

చివరి పాటలో సోలో ఉంది. సోలో అంటే మిగతావాళ్లు వెనక్కి తగ్గి గిటారు ఒక్కటే ముందుకు వచ్చే చోటు. అందులో పైకి వెళ్తూ వెళ్తూ సత్యం ఒక స్వరం తప్పాడు. స్టేజీ పక్క టేపు కదా, తప్పు బాహాటంగా వినిపిస్తోంది. ఒక్క తప్పు కూడా వాడి చెవిన పడకూడదని యాదగిరి పట్టుబట్టాడు. పాట అయ్యాక గోడ మీదివాళ్లు వేసిన ఈలలు ఉన్నాయి కదా, వాటిని అక్కడికి తెచ్చి, గిటారు తగ్గించి, ఆ చోటు కప్పేశాం. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత బాగా కుదిరింది.

స్పూలు మర్నాడు ఇచ్చేయాలనగా, ఆ ఆదివారం మధ్యాహ్నం యాదగిరి సత్యాన్ని బలవంతాన తీసుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదు. నేను కాఫీ తెప్పిస్తే కుడిచేత్తో తాగి, మర్యాదగా కూర్చుని విన్నాడు. బాగుందన్నాడు. గొంతు, డ్రమ్ములు బాగా వచ్చాయన్నాడు. గిటారు గురించి ఒక్క మాట అనలేదు. సోలో వచ్చింది, ఈలలు వచ్చాయి.

"ఆపండి మాస్టారూ. ఇక్కడ నాకు వేలు జారింది. అదేదండీ?"

జనం ఈలల్లో కలిసిపోయి ఉంటుందని యాదగిరి గొణిగాడు.

"అక్కడ ఎవరూ ఈల వెయ్యలేదురా. జనమంతా గప్‌చిప్ అయిపోయారు, నా గిటారు ఒక్కటే మోగింది. అంత బాగా గుర్తుంది." నావైపు తిరిగాడు. "ఇదెవరో వాయించినట్టుందండి, నాది కాదు. ఆ తప్పు నా ఉంగరం వేలిది. అది ఇంకెక్కడా లేదు. దాన్ని ఉంచండి మాస్టారూ."

యాదగిరి మొహం అటు తిప్పేసుకున్నాడు. నేను బ్లేడు తీసి, మేం అంత ముచ్చటపడి అతికించిన ముక్కను కోసేశాను. ఆ పాట మళ్లీ మొదటి నుంచి కలపాలి. నేను నాబ్‌ల దగ్గరికి వెళ్లబోతే, స్పూలు టేపు నాబ్ తాను పట్టుకుంటానన్నాడు సత్యం. అప్పుడు జేబులోంచి ఎడమచెయ్యి తీశాడు.

మొదటిసారి యాదగిరి కళ్లల్లో నీళ్లు కమ్మి స్క్రూడ్రైవర్ జారింది. రెండోసారి మళ్లీ మొదలుపెట్టాం. సోలో దగ్గరికి రాగానే సత్యం మిగిలిన వేళ్లతో నాబ్‌ను పూర్తిగా పెంచాడు. తప్పు వచ్చింది. వెంటనే ఆ తప్పు తర్వాత అతను వాయించింది కూడా వచ్చింది. తప్పిన స్వరం మీదే ఒక్క క్షణం నిలబడి, అక్కడి నుంచే కొత్త దారి తీసి, ఎక్కడికి చేరాలో అక్కడికి చేరాడు. మా ఈలలు దాన్ని కూడా కప్పేశాయని నాకు అప్పుడు తెలిసింది. వయొలిన్ మీద పెద్ద పెద్దవాళ్లు అలా తప్పించుకోవడం విన్నాను. ఆ ధైర్యం ఎక్కడ విన్నా గుర్తుపట్టగలను.

పాట అయ్యాక సత్యం నాబ్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా కూర్చున్నాడు.

"ఫర్వాలేదురా యాదగిరీ," అన్నాడు. "వాయించాను."

"గదే గద నేను జెప్పేది," అన్నాడు యాదగిరి.

సత్యం మళ్లీ గిటారు పట్టలేదు, టైమ్ ఆఫీసులోనే పనిచేశాడు. స్పూలు మర్నాడు క్లబ్బుకు వెళ్లింది, దాని మీద వార్షికోత్సవం ఎక్కింది. మేం కలిపిన టేపు సత్యం దగ్గర ఉంది.

టేపులోంచి రణగొణధ్వని తీసెయ్యడం అందాకా నాకు చాలా ఇష్టమైన పని. ఆ పని తర్వాత మాత్రం చెయ్యి వేసే ముందు టేపు తెచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టి, మొత్తం వినిపించి, ఏది తియ్యాలో వాళ్లనే చెప్పమనేవాణ్ని. ఇందుకు చాలామంది విసుక్కున్నారు. ఒకావిడ మియాపూర్ నుంచి తండ్రిగారు పద్యాలు చదివిన టేపు తెచ్చింది. మధ్యమధ్య దగ్గు ఉంది, అది తీసెయ్యమంది. ఆవిణ్ని కూర్చోబెట్టి చివరిదాకా వినిపించాను. విన్నాక టేపు నా చేతిలోంచి తీసుకుని, దగ్గు ఉండనీయండి అంటూ వెళ్లిపోయింది. ఎందుకని నేను అడగలేదు.