చైనా విమానం కింద

అమెరికాలో, అరోరాలో నేను అద్దెకున్న ఇంటి ఓనరు అంకుల్ ఏ విమానాల మ్యూజియానికి వెళ్ళినా కౌంటర్‌లో ఒకటే అడిగేవారు: "ఎనీ ఓల్డ్ చైనీస్ ప్లేన్స్?" లేవంటే లోపల అడుగు పెట్టేవారు కాదు. ఆయనకు చూపు తగ్గడంతో శనివారాలు నేనే డ్రైవ్ చేసేదాన్ని. ఇండియాలో ఎయిర్‌ఫోర్స్ మెకానిక్‌గా పనిచేశారని తెలుసు. చైనావే ఎందుకని అడిగితే మాత్రం మాట మార్చేసేవారు.

ఒకచోట ఉందన్నారు. హాలు చివర, అడ్డంగా కట్టిన తాడు అవతల, రంగు వెలిసిన చైనా ఫైటర్. అంకుల్ చాలాసేపు చూశారు. ఉన్నట్టుండి తాడు కింద నుంచి దూరి, దాని పొట్ట కింద వెల్లకిలా పడుకున్నారు.

"సర్! గెట్ అవుట్ ఆఫ్ దేర్!" గార్డు రేడియో తీస్తూ పరుగెత్తుకొచ్చాడు.

స్టూడెంట్ వీసా మీద ఉన్నదాన్ని. పోలీసులొస్తే నా పేరూ రాసుకుంటారు.

"అంకుల్, ప్లీజ్, లేవండి!"

"ఒక్క నిమిషం తల్లీ. డెబ్బై ఒకటి యుద్ధంలో పాకిస్తాన్ వాళ్ళు మా మీదికి తెచ్చింది ఈ చైనా రకమే. కందకంలో ఇలాగే పడుకున్నా. దీని పొట్ట ఒక్కటే కనిపించింది, ఆకాశమంత. నా పక్కనున్న మెకానిక్ మళ్ళీ లేవలేదు."

తడబడుతూ గార్డుకి ఇంగ్లీషులో చెప్పాను. అతను రేడియో దించాడు.

అంకుల్ మెల్లగా లేచి కూర్చుని, విమానం పొట్ట రేకు మీద అరచేయి ఆనించారు.

"ఇంతేనా ఇది! ఇంత చిన్నదా!" అంటూ ఏడ్చేశారు.

ఆయన్ని లేపడానికి నేనూ గార్డూ చెరో చెయ్యి పట్టుకున్నాం.