బర్రెల మడుగుకు పైన

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేసి, కాకినాడ నుంచి వచ్చి, జీడిమెట్ల వైపున్న ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో చేరిన కొత్తలో నాకు అప్పగించిన మొదటి బయటి పని గేదెల మీద వచ్చిన ఫిర్యాదు. కాగితంలో గేదెలు అనే రాశారు. అక్కడికి వెళ్ళాక అవి బర్రెలయ్యాయి.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం లేస్తోందని పేపర్లో ఫొటోలు వచ్చేవి గానీ, దాని చుట్టూ మైళ్ళ కొద్దీ రాళ్ళగుట్టలు, సీతాఫలం చెట్లు, మేకలు, అక్కడక్కడా ప్లాట్ల హద్దురాళ్ళు. కొత్తగూడ దాటాక ఆ రాళ్ళలో పుట్టి పల్లానికి దిగే సన్నటి వాగు ఒకటుండేది. దాని కింద ఒక ఊరు. ఊరి మంచినీళ్ళ బావి వాగు ఒడ్డునే. వానలు తగ్గాక అక్కడి పిల్లలకు వరసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. దవాఖానలో డాక్టరు నీళ్ళు పరీక్ష చేయించమని మా ల్యాబ్‌కి కాగితం రాశాడు.

దాంతోపాటే ఇంకో కాగితం వచ్చింది. ఊరికి ఎగువన, వాగు గట్టున, కొత్తగా కట్టిన నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు వాళ్ళు రాసింది. ఒక వృద్ధురాలు తన గేదెలను రోజూ వాగులోకి తోలుతోందని, నీళ్ళు చెడటానికీ దోమలకూ దుర్వాసనకూ అవే కారణమని, వాటిని వెంటనే అక్కడి నుంచి తరలించాలని దాని సారాంశం. మొదటి సంతకం అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడిది. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన అనంతపురం పెద్దమనిషి.

మా ఆఫీసరు రెండు కాగితాలూ కలిపి పిన్ను గుచ్చి, వెళ్ళి నమూనా తెచ్చి రిపోర్టు రాసెయ్యమన్నారు. అందరికీ తెలిసిన సంగతే కదా అన్నట్టుంది ఆ చెప్పడం. నాకూ అలాగే అనిపించింది.

జీపు నడిపే ఆయనది ఆ చుట్టుపక్కల పల్లే. యాభై దాటాయి. నేను డ్రైవరు గారూ అని పిలిస్తే మొదటి వారమంతా నవ్వుకున్నాడు. ఆ తర్వాత అలవాటు పడి, గారూ లేకపోతే పలకడం మానేశాడు. ఏ రాయి పక్కనుంచి ఏ దారి పోతుందో, ఏ వాగు ఎప్పుడు ఎండుతుందో ఆయనకు తెలిసినట్టు ఏ మ్యాపుకీ తెలియదు.

అపార్ట్‌మెంటుకూ ఊరికీ మధ్య వాగులో ఒక మడుగుంది. అక్కడికి వెళ్ళేసరికి ఏడెనిమిది బర్రెలు మెడల దాకా మునిగి, కళ్ళు అరమోడ్చి హాయిగా ఉన్నాయి. గట్టున రాయి మీద కూర్చున్న అవ్వ మమ్మల్ని చూసి లేచింది. ఆమె మీదే ఫిర్యాదు అని నేను చెప్పలేదు. ఆమెకు ముందే తెలుసు. ఇంటికి పోయి చెంబు నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేరం విచారించడానికి వెళ్ళి మజ్జిగ తాగడం ఇబ్బందిగానే ఉంది గానీ, ఎండ దంచేస్తోంది, మజ్జిగలో కొత్తిమీర కూడా ఉంది.

ల్యాబ్‌లో క్రిములు పోయేలా ఆవిరి పట్టి, మూతికి గోధుమరంగు కాగితం కట్టి తెచ్చిన సీసాను మడుగుకు దిగువన ముంచి, థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టాను. మా పరీక్ష చూడటానికి తేలికే. ఊదారంగు ద్రావణం పోసిన గాజు గొట్టాల్లో ఈ నీళ్ళు కలిపి వెచ్చటి పెట్టెలో ఉంచుతాం. పేగుల్లో బతికే బాక్టీరియా ఉంటే ఊదారంగు పసుపుగా మారి, గొట్టంలో గాలిబుడగ పడుతుంది. రెండు రోజులకు నా గొట్టాలన్నీ పసుపు. ఇక సందేహమేముంది? రిపోర్టు చిత్తుప్రతి కూడా రాసేశాను. గేదెలను తరలించుట మంచిది అన్న వాక్యం నాకు చాలా నచ్చింది.

సంతకం కోసం వెళ్తుంటే వరండాలో టీ తాగుతున్న డ్రైవరు ఏమైందని అడిగాడు. చెప్పాను.

"కింద చూసినవ్, మంచిదే. మరి బర్రెలకు పైన చూసినవా మేడమ్?" అన్నాడు.

చూడలేదు. యూనివర్సిటీలో రెండేళ్ళు చదువుకున్నదాన్ని, పరీక్షల్లో పేజీలకు పేజీలు రాసినదాన్ని, ఆ మాట నాకు తట్టలేదు. చిత్తుప్రతి నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచేసి, మళ్ళీ వెళ్దామన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. అంతే, ఆ సంగతి ఆయన ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టి ఊరి బావి నుంచి వాగు వెంట ఎగువకు నడిచాం. బావి దగ్గర ఒక సీసా, మడుగు కింద ఒకటి, మడుగు పైన ఒకటి, మట్టిరోడ్డు కల్వర్టు దగ్గర ఒకటి, దానికీ పైన బిల్డింగు పనివాళ్ళ గుడిసెలున్న చోట ఒకటి, అన్నిటికంటే పైన రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఊరే చోట ఒకటి. ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి, అడుగు కదపకుండా ముంచాలి. నా చీర కుచ్చిళ్ళు తంగేడు కొమ్మలకు చిక్కుకుంటుంటే డ్రైవరు ఓపిగ్గా విడిపించి, ఈసారి వచ్చేటప్పుడు పంజాబీ డ్రెస్సు వేసుకోమన్నాడు. దారిలో కాలుజారి ఒకసారి వాగులో కూర్చున్నాను కూడా. సీసా మాత్రం పైకెత్తే పట్టుకున్నాను.

గొట్టాల్లో రంగు తేలే రోజు ల్యాబ్‌లో అందరికంటే ముందు వెళ్ళాను. రాళ్ళ దగ్గరి నీళ్ళు దాదాపు శుభ్రం. పనివాళ్ళ గుడిసెల దగ్గర కొంచెం పసుపు. కల్వర్టు నుంచి కిందకి అన్నీ పసుపే. బర్రెల మడుగుకు పైన ఎంత పాడో కిందా అంతే పాడు. బర్రెలు మడుగులోకి దిగకముందే నీళ్ళు చెడిపోయి ఉన్నాయి. గుడిసెలకూ కల్వర్టుకూ మధ్య గట్టు మీద ఉన్నది ఒక్కటే, ఆ నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు.

మా ఆఫీసరు గొట్టాలు చూసి తల పంకించారు. కానీ బాక్టీరియా నుదుటి మీద అది ఎవరి కడుపులోంచి వచ్చిందో రాసి ఉండదు, గట్టి ఆధారం కావాలన్నారు. బీరువాలోంచి చిన్న డబ్బా తీసి ఇచ్చారు. అందులో ఇటుకరంగు పొడి. నీళ్ళలో పడితే చిలకపచ్చగా మెరుస్తుంది, మనిషికీ పశువుకీ హాని లేదు. అనుమానం ఉన్న మరుగుదొడ్డిలో పోసి వాగులో తేలుతుందేమో చూడమన్నారు.

ఆ డబ్బా పట్టుకుని అధ్యక్షుడు గారి ఇంటి తలుపు తట్టాను. తెల్ల బనీను, పంచె, కళ్ళద్దాలు. పేపరు మడిచి, కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నేను తడబడుతూ చెప్పిందంతా విన్నారు. తర్వాత గోడ మీది తన పాత ఆనకట్ట ఫొటో వైపు చూపించారు.

"ముప్పై ఏండ్లు నీళ్ళతోనే బతికినానమ్మా నేను. ఈ బిల్డింగు సెప్టిక్ ట్యాంకు డ్రాయింగు నేనే గీసినాను. కావాలంటే ఆ రంగు నా బాత్రూములోనే పొయ్యమ్మా. నీ అనుమానం తీరిపోతాది," అన్నారు.

కోపం లేదు, ధీమా మాత్రమే. నేను పొడి కలపబోతే, చేతులకు అంటుతుంది ఇవ్వమ్మా అని బకెట్టు తనే అందుకుని పోశారు. రెండు మూడు సార్లు నీళ్ళు కూడా వదిలారు. అప్పటికే నా వేళ్ళు పచ్చబడ్డాయి. వారం దాకా పోలేదు.

మరునాడు పదిగంటలకు మేము కల్వర్టు దగ్గరికి వెళ్ళేలోపే మడుగు వైపు నుంచి అవ్వ ఎదురొచ్చింది. నడక కాదు, పరుగే. మా ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్ళింది. మడుగు మడుగంతా చిలకపచ్చ. మధ్యలో నల్లటి బర్రెలు ఏ చింతా లేకుండా నెమరేస్తున్నాయి. ఒకటి తోక విదిలిస్తే పచ్చటి తుంపరలు ఎండలో మెరిశాయి. నా జీవితంలో అంత అందమైన మురుగునీళ్ళు మళ్ళీ చూడలేదు.

అవ్వ మాత్రం నీళ్ళకు నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది. "గిది గూడ నా బర్లే చేసినయా బిడ్డా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా సంతోషమంతా దిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె ఏ భయంతో ఆ రాయి మీద కూర్చుందో అప్పుడు తెలిసింది. ఇంత దూరం వచ్చిన నాకు ఆమెతో ఒక్క మాట ముందుగా చెప్పాలని తోచలేదు. చెయ్యి పట్టుకుని, కాదు అవ్వా, నీ బర్రెల తప్పేం లేదని చెప్పడానికే రంగు పోశామన్నాను. గేదెలు అనకుండా బర్రెలు అన్నది అదే మొదటిసారి. డ్రైవరు మిగతాదంతా ఆమె భాషలో వివరించాడు. జర ఊపిరి తీసుకో, పరేషాన్ కాకు అన్నాడు.

అధ్యక్షుడు గారిని పిలుచుకొచ్చాం. గొడుగు చేత్తో పట్టుకుని వచ్చి, మడుగును చాలాసేపు చూశారు. తర్వాత ఆ పచ్చదనం వెంట ఎగువకు నడవడం మొదలుపెట్టారు. మేము వెనకాల. కల్వర్టు దాటాక, తమ ప్రహరీ గోడ కింద, తంగేడు పొదల వెనక ఆగారు. గొడుగు కొనతో కొమ్మలు పక్కకి తోశారు. సిమెంటు గొట్టం ఒకటి. దాని మూతి నుంచి పచ్చగా కారుతోంది.

ఆ గొట్టం డ్రాయింగులో లేదు. ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టరు దగ్గరి మేస్త్రీని పిలిపిస్తే విషయం తెలిసింది. ట్యాంకు నీళ్ళు ఇంకడానికి తవ్విన గుంతలో మూడడుగుల కింద పలక బండ తగిలింది. ఒక్క చుక్క ఇంకలేదు. గుంత పొంగితే ఏం చెయ్యాలో తోచక, ఎవరికీ చెప్పకుండా వాగులోకి గొట్టం వేసేశాడు. అధ్యక్షుడు గారు అతని మీద అరుస్తారనుకున్నాను. ఆయన అరవలేదు.

"డ్రాయింగు నాదే. కింద బండ ఉందో మన్ను ఉందో చూడాల్సింది నేనే," అన్నారు.

సాయంత్రానికి గొట్టం మూయించారు. ట్యాంకు ఖాళీ చేయించి, మట్టి లోతుగా ఉన్న తూర్పు వైపు కొత్త గుంతలు తవ్వించే దాకా అపార్ట్‌మెంటు వాళ్ళందరి సణుగుడూ ఆయనే భరించారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ చక్కటి దస్తూరీతో ఉత్తరం రాసి మా ల్యాబ్‌కి తెచ్చి ఇచ్చారు. అవ్వ దగ్గరికి కూడా వెళ్ళారట. నేను లేను, డ్రైవరు చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో ఆయనకూ సరిగా వినబడలేదు గానీ, తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన మూతి మీద మజ్జిగ తెల్లగా ఉందట.

ఊరి బావిలో బ్లీచింగు వేయించారు. నెల తర్వాత మళ్ళీ ఆరు సీసాలు పట్టాను. ఈసారి చాలా గొట్టాలు ఊదాగానే మిగిలాయి. అన్నీ కాదు. మడుగు కింద నీళ్ళలో కొంత పసుపు ఉంది, ఎంతైనా బర్రెలు బర్రెలే. దాన్ని దాచకుండా రాశాను. మడుగును బావికి దూరంగా కాస్త పక్కకు మళ్ళిస్తే మంచిదని, తాగే నీళ్ళు కాచుకోవాలని కూడా రాశాను. అవ్వ దానికి ఒప్పుకుంది. పక్క కాలువ ఎక్కడ తవ్వాలో గట్టున నిలబడి గీతలు గీసి చూపించింది మాత్రం ఆ ఇంజనీరు గారే. ఈసారి తవ్వే ముందు గడ్డపారతో నాలుగు చోట్ల పొడిచి చూశారు.