గడ్డి తిన్న మేక

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. నిన్న సైదాబాద్‌లో 'గడ్డి మేసిన మేక మాంసం' అన్న బోర్డు చూడగానే చిన్నతనం గుర్తొచ్చింది.

మా బాపు చిన్న రైతుల దగ్గర మేకలు కొని, కోసి అమ్మేవాడు. "ఒట్టి గడ్డి తిన్నదే అక్కా, కూర మస్తుంటది!" అనేవాడు. ఇంట్లో ఎవరు తప్పు చేసినా అమ్మ "గడ్డి తిన్నవా?" అని తిట్టేది. అందుకని తప్పు చేసిన మేకనే కోస్తారనుకున్నాను. కొత్తగా వచ్చిన తెల్లమేక ముందున్న గడ్డి తీసేసి, నా రొట్టె పెట్టాను.

"ఏందే బిడ్డా, గిట్ల చేస్తున్నవ్?" అన్నాడు బాపు.

"ఇది గడ్డి తినలే బాపూ. కొయ్యకు."

మర్నాడు మేక లేదు. "రైతుకు వాపసిచ్చిన," అన్నాడు, నా ముఖం చూడకుండా. ఆ ఆదివారం నేను కూర లొట్టలేస్తూ తిన్నాను. బాపు మాత్రం పచ్చిపులుసే కలుపుకున్నాడు. ఆ కూర తెల్లమేకదేనని పెద్దయ్యాకే తెలిసింది.

మీ ఇంటి పిల్లలకు కడుపునిండా బువ్వ, అట్లాంటి తండ్రి మనసు దొరకాలి.